రెండో జింక

మునిమాపు వేళ మా మోటార్‌హోమ్ (ఇల్లులా అమర్చిన బండి) ముందు ఒక జింక రోడ్డు దాటింది. అది పోయింది కదా అని మళ్లీ వేగం పెంచాను. జింకలు తరచూ ఒకదాని వెనుక ఒకటి వస్తాయన్న సంగతి రెండోది ముందుకు దూకాకే గుర్తొచ్చింది. స్టీరింగ్ తిప్పకుండా నేరుగా బ్రేకు తొక్కాను. ఇంత ఎత్తైన మోటార్‌హోమ్‌ను ఒక్కసారిగా పక్కకు తిప్పితే బోల్తా పడవచ్చు. జింక మాత్రం బతకలేదు.

బంపరు, ఎడమ హెడ్‌లైటు పగిలాయి. ఇంజను ఆడుతూనే ఉంది కాబట్టి వెళ్లిపోదామనిపించింది. వంగి చూస్తే రేడియేటర్ నుంచి ఇంజన్ను చల్లబరిచే కూలెంట్ కారుతోంది. అలాగే నడిపితే ఇంజను వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజను లోపలి సీలు) దాకా పోయేది. ఫొటోలు తీసి, బీమా సంస్థకు చెప్పి, బండిని లాగించుకుని వెళ్లాను.

అసలు పరీక్ష వర్క్‌షాపులో. మా బండికి తయారీదారులు ఇద్దరు: ఇంజను, చాసిస్ (అడుగు చట్రం) ఒకరివి, పైనున్న ఇల్లు మరొకరిది. చాసిస్ నంబరు ఇస్తే రేడియేటర్ నాలుగు రోజుల్లో వచ్చింది. ఫైబర్‌గ్లాస్ ముందు ప్యానెల్ మాత్రం ఆర్డరు మీదే తయారు చేస్తారట. ‘వచ్చే వారం’ అన్న మాట మూడు వారాలు విన్నాను.

చివరికి పనిని రెండుగా విడగొట్టమని అడిగాను. ఈ బుద్ధి మొదటి రోజే పుట్టాల్సింది! నడపడానికి కావలసిన రేడియేటర్, హెడ్‌లైటు ముందు బిగించారు. పగుళ్లలో నీరు చొరకుండా టేపు అంటించాం. రెండు విడతలకూ బీమా సంస్థ అంగీకారం రాతపూర్వకంగా తీసుకున్నాకే కదిలాను. ప్యానెల్ చేతికొచ్చాక ఫోను చేస్తారు, అప్పుడు వెనక్కి వెళతాను. అంతవరకు పొద్దు వాలకముందే బండి ఆపేస్తున్నాను.