స్కోరు పెరిగింది, అదృష్టమా పనితనమా? ఇలా తేల్చుకోండి

పటమటలో నా దగ్గర ఆప్టిమైజేషన్ పోటీలకు (కోడ్ రాసి, వీలైనంత మంచి స్కోరు తెచ్చే పోటీలు) సాధన చేసే పిల్లలు తరచూ అనే మాట: "అన్నా, వాడికి లక్కీ సీడ్ పడింది." సీడ్ అంటే కోడ్ చేసే యాదృచ్ఛిక ఎంపికలకు మొదలుగా ఇచ్చే సంఖ్య. మంచిది పడి ఉండొచ్చు. కానీ ఆ మాట అనే ముందు కొలిచి చూడాలి.

జపాన్ కోడింగ్ సైటు ఆట్‌కోడర్ నడిపే ఇలాంటి (హ్యూరిస్టిక్) పోటీల్లో నాలుగు గంటలవీ ఉంటాయి, పది రోజులవీ ఉంటాయి. నడుస్తుండగా కనిపించేది తాత్కాలిక స్కోరే. చాలావాటిలో అసలు ర్యాంకు తర్వాత వేరే టెస్టుల మీద తేలుతుంది.

అందుకే వాళ్లిచ్చే ఇన్‌పుట్ జనరేటర్‌తో వెయ్యి టెస్టు కేసులు మీ ల్యాప్‌టాప్‌లోనే తయారు చేసుకోండి. పాత కోడ్, కొత్త కోడ్ రెండూ అవే కేసుల మీద నడిపి, కేసు వారీగా తేడా తీయండి. తేడాల సగటు 0.3 శాతం ఉండి, దాని ప్రామాణిక దోషం (ఆ సగటు ఎంత అటూఇటూ కావొచ్చో చెప్పే కొలత) 0.4 శాతం ఉంటే ఆ మార్పును ఇంకా నమ్మకండి. దోషం సగానికి తగ్గాలంటే కేసులు నాలుగు రెట్లు కావాలి. విసుగే, అయినా చేయాల్సిందే.

1983లో కిర్క్‌పాట్రిక్ బృందం ప్రచురించిన సిమ్యులేటెడ్ అనీలింగ్ (జవాబును యాదృచ్ఛికంగా కొద్దికొద్దిగా మారుస్తూ, మొదట్లో స్కోరు తగ్గించే మార్పులనూ కొన్ని ఒప్పుకుంటూ మెరుగుపరిచే పద్ధతి) వాడుతున్నారా? ఒకే కేసును వేర్వేరు సీడ్లతో నడపండి. ఫలితాలు చెల్లాచెదురైతే మంచి సీడ్ కోసం వెతక్కండి, టైమ్ పది రెట్లు ఇచ్చి చూడండి. స్కోరు బాగా ఎగబాకితే మీ కోడ్‌కు వేగం చాలట్లేదన్నమాట. ప్రతిసారీ స్కోరంతా లెక్కించకుండా మారిన భాగమే లెక్కించండి. కదలకపోతే ముందు టెంపరేచర్ (స్కోరు తగ్గించే మార్పులను ఎంతవరకు ఒప్పుకోవాలో చెప్పే విలువ), తర్వాత మార్పులు చేసే పద్ధతి సరిచూడండి.

ఒక్కటే ఇన్‌పుట్ ముందే ఇచ్చే పోటీలు వేరు. అక్కడ రాత్రంతా సీడ్లు మార్చి నడపడాన్ని నేను తప్పుపట్టను.

నాలుగు గంటల పోటీలో చివరి అరగంట కొత్త ఐడియా జోలికి పోకండి, టైమ్ లిమిట్ దాటట్లేదని మాత్రం చూసుకోండి.