మిషన్ రాయి మాదిరి బిగుసుకుపోతే

మే నెలలో గంగమ్మ జాతర వారం వచ్చిందంటే మా తిరుపతి కొర్లగుంటలో కుట్టు మిషన్లు రాత్రి పది దాకా ఆడుతూనే ఉంటాయి. ఒకవైపు జాతర వేషాలకు జాకెట్లు, పావడాలు, ఇంకోవైపు పెళ్ళి బట్టలు. మిషన్లు మొరాయించేది కూడా సరిగ్గా అప్పుడే. ఆ వారంలో ఒకసారి పక్కింటి అమ్మాయి పరుగున వచ్చింది. "అక్కా, మిషన్ రాయి మాదిరి అయిపోయింది, రెండు కాళ్ళతో తొక్కినా కదల్లేదు" అంది.

వెళ్ళి చూస్తే షటిల్లో, అంటే సూది కింద తిరుగుతూ పై దారాన్ని అందుకునే భాగంలో, జానెడు దారం ఇరుక్కుని ఉంది. నిదానంగా లాగితే వచ్చేసేదే. రెండు కాళ్ళతో తొక్కేసరికి సూది వంగి ప్లేటుకు తగిలి విరిగింది. ఆ ముక్క వెతకడానికే అరగంట పట్టింది.

కాబట్టి మిషన్ పట్టేసిన క్షణమే పెడల్ మీద నుంచి కాలు తీసేయండి. మోటారు మిషన్ అయితే ప్లగ్గు పీకేయండి.

పట్టింది పైనా, కిందా?

కాలి మిషన్ అయితే బెల్టును కింది పెద్ద చక్రం మీద నుంచి పక్కకు జార్చండి. ఇప్పుడు పెడల్ ఒక్కటే తొక్కి చూడండి. అదీ బరువుగానే ఉంటే తప్పు స్టాండులో ఉంది. ఇరుసుకు దారాలో, వెంట్రుకలో చుట్టుకుని ఉంటాయి, కత్తెరతో తీసి రెండు చుక్కల నూనె వేయండి. పెడల్ హాయిగా ఆడితే సమస్య పై భాగంలోనే ఉంది. ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది.

చక్రం సగం తిరిగి ఆగుతోంది

ఇది షటిల్లో దారం ఇరుక్కున్న లక్షణం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మరీ ఎక్కువ, ఎందుకంటే పెడల్ తప్పుగా పడి, పైన చేత్తో తిప్పే చక్రం వెనక్కి తిరుగుతుంది. చక్రం పైభాగం ఎప్పుడూ మన వైపుకే రావాలి. వెనక్కి తిరిగితే పై దారం వదులై షటిల్ అంచున దూరుతుంది.

చక్రాన్ని చేత్తో ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం ఊపండి, బలం వద్దు. గుడ్డను అదిమి పట్టే మిషన్ పాదం పైకెత్తి, గుడ్డ కింది దారాలను కత్తిరించి గుడ్డను బయటికి తీయండి. గుడ్డను పట్టుకుని గుంజితే సూది వంగుతుంది. తర్వాత సూది ఊడదీసి, మిషన్ తలను, అంటే పై భాగాన్ని, వెనక్కి వాల్చండి.

కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే బాబిన్ కేస్ తీశాక షటిల్‌ను పట్టి ఉంచే రింగు కనిపిస్తుంది. కొన్ని మిషన్లలో దానికి రెండు క్లిప్పులు, కొన్నింటిలో స్క్రూలు ఉంటాయి. విప్పే ముందు ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. సూది కడ్డీ పూర్తిగా పైన ఉన్నప్పుడే షటిల్ సులువుగా వస్తుంది, కానీ దారం గట్టిగా బిగిస్తే కడ్డీ పైకి రాదు. అప్పుడు కనిపించిన దారం కొసలనల్లా కత్తిరిస్తూ కొద్దికొద్దిగా ఊపాలి. ఇక్కడ ఓపికే పనిముట్టు.

షటిల్ తిరిగే గాడిలో నూగు పేరుకుని ఉంటుంది. నూలు గుడ్డ ఎక్కువ కుట్టేవాళ్ళకైతే వారానికే చాపలా అల్లుకుంటుంది. పాత టూత్ బ్రష్‌తో తుడిచి, ఒక చుక్క నూనె వేయండి. తిరిగి పెట్టేటప్పుడు షటిల్ ఒక అర్ధచంద్రం, దాన్ని తోసే భాగం ఇంకో అర్ధచంద్రం. రెండూ కలిసి పూర్తి గుండ్రం అయితే సరిగ్గా కూర్చున్నట్టు.

ఒకసారి ఇదే పనికి ఒక రిపేరు షాపులో మిషన్‌ను రెండు రోజులు ఉంచుకుని, "లోపల పార్టు పోయింది" అని డబ్బు తీసుకున్నారు. షటిల్ విప్పడం నేను నేర్చుకున్నది ఆ కోపంతోనే.

గుడ్డ కింద దారం గూడు కడుతోంది

చూడ్డానికి తప్పు కింద ఉన్నట్టుంటుంది, అందరూ బాబిన్‌నే అనుమానిస్తారు. నిజానికి పై దారం సరిగా ఎక్కలేదు. పాదం కిందికి దించి దారం ఎక్కిస్తే పై దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు పోదు. పాదం ఎత్తి, మొదటి నుంచి మళ్ళీ ఎక్కించండి. పైకీ కిందికీ ఆడే లివర్ రంధ్రంలోంచి దారం తప్పిపోయినా ఇదే గూడు. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలనూ పాదం వెనక్కి లాగి, మొదటి రెండు మూడు కుట్లు పడేదాకా పట్టుకోండి.

టక్ టక్ మని కొడుతోంది

సూది మార్చండి. వంగిందో లేదో కంటికి తెలియకపోతే అద్దం మీద పెట్టి చూడండి. చదును వైపు షటిల్ ముక్కు వచ్చే దిక్కుకు ఉండాలి, దారం పొడుగు గాడి ఉన్న వైపు నుంచి ఎక్కాలి. పలచటి జాకెట్ గుడ్డకు 14 నంబరు సూది, మందపు నూలుకు 16. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను పాలలో, కరక్కాయ నీళ్ళలో నానబెడతారు కదా, కొత్తలో బిరుసుగా ఉంటుంది, దానికీ నేను 16 వేస్తాను. పట్టు జాకెట్‌లో లైనింగు, జరీ అంచు కలిసి నాలుగు మడతలైన చోట మాత్రం కాలు ఆపి చక్రాన్ని చేత్తో తిప్పండి.

రోజురోజుకీ బరువెక్కి చివరికి ఆగింది

మిషన్ ఆయిల్ అయిపోయిందని ఇంట్లో ఉన్న కొబ్బరినూనె వేస్తే ఇంతే. కొన్నాళ్ళకు అది జిగురులా గట్టిపడుతుంది. నూనె రంధ్రాల్లో తలా రెండు చుక్కల కిరసనాయిలు వేసి, దారం లేకుండా కాసేపు తిప్పండి. నల్లటి మురికి దిగుతుంది. తుడిచేసి మిషన్ ఆయిలే వేయండి. మోటారు ఉన్నవాళ్ళు దాన్ని విప్పి పక్కన పెట్టాకే ఈ పని చేయాలి, దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు. తర్వాత పాత గుడ్డ మీద కుట్టండి, లేకపోతే కస్టమర్ పట్టు మీద మరక పడుతుంది.

చక్రం తిరుగుతోంది, సూది కదలడం లేదు

బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు చక్రం మధ్య నాబ్ వదులు చేసి మరిచిపోయారు. బిగించండి.

ఇవన్నీ చూసినా సూది షటిల్‌ను తాకుతూనే ఉందంటే, లేదా సూది దిగే వేళకు షటిల్ ముక్కు అందడం లేదంటే టైమింగ్ తప్పింది. అది మెకానిక్ చేసే పని. కాలి మిషన్ అయితే వెనక కీలుల దగ్గర రెండు స్క్రూలు వదులు చేస్తే తల ఊడి వస్తుంది. ఆటోలో అది ఒక్కటీ తీసుకెళ్తే చాలు, బాబిన్ కేస్ మాత్రం ఇంట్లో మరిచిపోకండి.