నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండి మీద కాళ్లు ఎక్కడుండాలి

ముందున్న వాహనం నెమ్మదించగానే చాలామందికి రెండు కాళ్లూ వాటంతటవే ఫుట్‌రెస్ట్ మీంచి దిగి గాల్లో వేలాడతాయి. ఒరిగితే కాలు ఆనించి ఆపుకోవచ్చన్న ధీమా. అది ఉత్త ధీమాయే. నూట యాభై కిలోల బండి కదులుతూ ఒరగడం మొదలుపెట్టాక ఒంటికాలితో నిలబెట్టడం దాదాపు కుదరని పని. నేలకు తగిలిన పాదం అక్కడే ఆగిపోతుంది, బండి ముందుకు పోతుంది, వెనక నుంచి ఫుట్‌రెస్ట్ వచ్చి పిక్క మీద కొడుతుంది. పక్కన సామాను పెట్టెలు బిగించి ఉంటే పాదం వాటి కింద ఇరుక్కుంటుంది కూడా.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. కుడికాలు దిగిందంటే వెనక బ్రేకు చేజారినట్టే. ఇక మిగిలేది ముందు బ్రేకు. మెల్లగా మలుపు తిప్పుతున్నప్పుడు బండిని పడేసేది సరిగ్గా అదే. అందుకే బండి పూర్తిగా ఆగేదాకా కుడికాలు పెడల్ మీదే ఉండాలి. ఎడమకాలి సంగతి తర్వాత.

పాదం ఎక్కడ ఆనాలి

వేగంగా వెళ్లేటప్పుడు వేళ్ల వెనక ఉండే దళసరి భాగాన్ని ఫుట్‌రెస్ట్ మీద పెట్టేవాళ్లు ఎక్కువ. నెమ్మది వేగంలో అలా కాదు, పాదాన్ని కాస్త ముందుకు జరిపి అరికాలి గుంట ఫుట్‌రెస్ట్ మీద కూర్చునేలా పెట్టుకోవాలి. అప్పుడు కుడికాలి బొటనవేలు బ్రేకు పెడల్ మీదకు దానంతటదే వస్తుంది, మడమ కదిలించకుండా చీలమండ వంచితే చాలు. పెడల్‌ను తాకడానికి ప్రతిసారీ మోకాలు పైకి లేపాల్సి వస్తుంటే తప్పు కాలిది కాదు, పెడల్ ఎత్తుది. చాలా బండ్లకు ఆ ఎత్తును సర్దుకునే బోల్టు ఉంటుంది. దళసరి అట్ట ఉన్న బూట్లకు ఒక ఎత్తు, పల్చటి బూట్లకు ఒక ఎత్తు కుదురుతుంది. చెప్పుల సంగతి వేరే చెప్పక్కర్లేదు, జారితే పెడల్ దొరకదు.

ఎడమ పాదం వేళ్లు గేరు లివర్ కిందా ఉండకూడదు, పైనా ఆనకూడదు, పక్కనే ఉండాలి. మడమతో కూడా నొక్కే పొడుగు లివర్ అయితే ఇంకొంచెం జాగ్రత్త. గతుకు వచ్చినప్పుడు మడమ తగిలి గేరు మారిపోతుంది. మోకాళ్లు ట్యాంకుకు తగులుతూ ఉండాలి, మోచేతులు వదులుగా ఉండాలి. చేతులు బిగుసుకుంటే ముందు చక్రం తనంతట చేసుకునే చిన్న చిన్న సర్దుబాట్లు ఆగిపోతాయి, బండి తూలుతుంది.

మూడు చేతలు, ఒక్క పని

కాళ్లు పైన ఉండాలంటే నమ్మకం చేతిలో ఉండాలి. ఆ నమ్మకం హాఫ్ క్లచ్ నుంచి, అంటే క్లచ్ లివర్‌ను సగం నొక్కి సగం వదిలి ఉంచడం నుంచి వస్తుంది. మొదటి గేరులో యాక్సిలరేటర్‌ను ఐడిల్ (తిప్పకుండా వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) కన్నా కాస్త పైన ఒకచోట పెట్టి అక్కడే వదిలేయాలి. మళ్లీ తిప్పకూడదు. వేగం పెంచడం తగ్గించడం అంతా ఎడమచేతి నాలుగు వేళ్లదే. లివర్ వదులుతుంటే ఇంజిన్ బలం చక్రానికి అందడం మొదలయ్యే చోటే క్లచ్ పట్టుకునే బిందువు, అక్కడ వేళ్లు కదిలే దూరం గోరంత. ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కితే పట్టుకుందని అర్థం. దానికి తోడు కుడికాలితో వెనక బ్రేకును తేలిగ్గా నొక్కి ఉంచాలి. ఇంజిన్ ముందుకు నెట్టడం, బ్రేకు వెనక్కి లాగడం, ఈ రెంటి మధ్య చైను ఎప్పుడూ బిగువుగా ఉంటుంది కాబట్టి బండి కుదుపుల్లేకుండా పాకుతుంది. యాక్సిలరేటర్ ముట్టుకోగానే ఎగిరిపడే బండ్లకు ఇదే మందు.

క్లచ్ కాలిపోతుందేమోనన్న భయం మామూలే. ఎక్కువ బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే తిరుగుతాయి, మెల్లగా నడిపే కాసేపు జారినా తట్టుకుంటాయి. ఆయిల్ లేని డ్రై క్లచ్ బండ్లలో మాత్రం అంత వెసులుబాటు లేదు. సాధన మధ్యలో క్లచ్ పట్టుకునే చోటు మారుతున్నట్టు అనిపించినా, కాలిన వాసన వచ్చినా ఆపి చల్లారనివ్వాలి.

ఆగడం

పది మీటర్ల ముందే నేల చూసుకోవాలి. ఇసుక, కంకర, ఆయిల్ మరక, తడిసిన తెల్లగీత, మ్యాన్‌హోల్ మూత ఇవన్నీ కాలు జారే చోట్లు. ఒకసారి చూశాక చూపు మళ్లీ ముందుకు వెళ్లాలి, కిందకి చూస్తూ ఆగితే బండి అటే ఒరుగుతుంది. కదులుతుండగానే మొదటి గేరుకు తెచ్చేసుకుంటే ఆగాక ఎడమకాలికి ఇక పనుండదు. హ్యాండిల్ నిటారుగా పెట్టి రెండు బ్రేకులతో వేగం తగ్గించి, చివరి రెండు మూడు మీటర్లలో ముందు బ్రేకును మెల్లగా వదిలి వెనక బ్రేకుతో ముగించాలి. ముందు బ్రేకును చివరిదాకా నొక్కి ఉంచితే అణిగిన ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగు గొట్టాలు) ఆగగానే పైకి తన్నుతుంది, ఆ ఊపుకే తూలిపోయేవాళ్లు ఎక్కువ.

బండి ఆగే క్షణంలో నడుమును కాస్త ఎడమవైపు జరిపితే బరువు ఎటు రావాలో అటే వస్తుంది. ఎడమ పాదం ఫుట్‌రెస్ట్‌కు జానెడు బయటగా, దానికి తిన్నగా కిందకు దిగాలి. ముందుకూ కాదు, వెనక్కీ కాదు. అరికాలు మొత్తం ఆనాలి, వేళ్లు ముందుకు చూడాలి. రోడ్డు అంచున ఆగుతున్నారా? అక్కడ నేల పల్లంగా ఉంటుంది, అనుకున్న చోట కాలికి అందదు. బేరీజు వేసుకునేలోపే బండి ఒరిగిపోతుంది. ఎడమవైపు గుంత ఉంటే కుడికాలు దించడంలో తప్పులేదు, కానీ అప్పుడు బండిని నిలిపేది ముందు బ్రేకు. అది గుర్తుండాలి.

కాళ్లు అందని ఎత్తు సీటు అయితే రెండు మునివేళ్ల మీద నిలబడే ప్రయత్నం వద్దు. సీటు మీంచి ఒక పక్కకు జారి ఒక్క పాదాన్ని నిండుగా ఆనించడమే గట్టి ఆసరా.

బయలుదేరాక ఎడమకాలు మీటరులోపే ఫుట్‌రెస్ట్ ఎక్కాలి. ఎత్తు మీద బయలుదేరేటప్పుడు కుడికాలు బ్రేకు వదలకముందే క్లచ్ లివర్‌ను పట్టుకునే బిందువు దాకా వదలాలి, ఇంజిన్ శబ్దం బరువెక్కాకే పెడల్ వదలాలి. పల్లంలో మొదటి గేరు, క్లచ్ పూర్తిగా వదిలి ఉండాలి, వెనక బ్రేకుతో పని కానివ్వాలి.

యూ టర్న్

బండి మలుపులో ఒరిగి కూడా పడకుండా ఉండేది వేగం వల్లే. ఒరుగుడు అలాగే ఉండి వేగం ఒక్కసారిగా పోతే లోపలివైపు కూలబడుతుంది. హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టినా, క్లచ్ పూర్తిగా నొక్కినా, ఇంజిన్ ఆగిపోయినా జరిగేది ఇదే. కాబట్టి మలుపు మొదలుపెట్టాక కుడిచేతి వేళ్లు ముందు బ్రేకు లివర్ మీద ఉండనే వద్దు. బండి లోపలికి పడుతున్నట్టు అనిపిస్తే వెనక బ్రేకు కాస్త వదిలి, క్లచ్ ఓ పిసరు వదలండి. నెట్టు పెరిగి బండి లేస్తుంది.

వేగంగా వెళ్లే మలుపులో ఒళ్లు లోపలికి ఒరుగుతుంది, ఇక్కడ దానికి తలకిందులు. బండిని లోపలికి ఒరగనిచ్చి ఒళ్లు బయటివైపు ఉంచాలి, బయటివైపు ఫుట్‌రెస్ట్ మీద బరువు వేయాలి. తల భుజం మీంచి తిరిగి, చేరాల్సిన చోటును చూడాలి. ముందు చక్రాన్ని చూస్తే పని అక్కడే చెడుతుంది. కుడివైపు పూర్తిగా తిప్పినప్పుడు యాక్సిలరేటర్ చేయి ఒంటి దగ్గరికి వచ్చి మణికట్టు మడతపడి తెలియకుండానే రేజ్ పెరుగుతుంది. మోచేయి ఎత్తి పెట్టుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

గేర్లు లేని స్కూటర్లకు హాఫ్ క్లచ్ లేదు. నెమ్మది వేగంలో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే లోపలి క్లచ్ విడిపోయి బండి ఊరికే దొర్లుతుంది, మలుపులో అది ప్రమాదం. యాక్సిలరేటర్ కాస్త తెరిచే ఉంచి ఎడమచేతి వెనక బ్రేకుతో వేగం పట్టుకోవాలి. పాదాలు ఫ్లోర్ మీదే.

ఎంత సాధన చేసినా తూలుతుంటే

బండిని కూడా అనుమానించాలి. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో ఎక్కడో ఆగి పట్టేసినట్టు తగిలితే స్టీరింగ్ బేరింగులు గుంటలు పడ్డాయి. అలాంటి బండిని ఎవరూ తిన్నగా మెల్లగా నడపలేరు. టైరులో గాలి తక్కువైతే హ్యాండిల్ బరువెక్కుతుంది. చైను మరీ వదులైతే కుదుపులు తప్పవు, మామూలు బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల వదులు సరిపోతుంది. క్లచ్ లివర్ చివర ఆట (బిగువు తగిలేలోపు ఊరికే కదిలే దూరం) చాలావాటికి 10 నుంచి 20 మిల్లీమీటర్లు. మీ బండికి కచ్చితమైన అంకెలు మాన్యువల్‌లో ఉంటాయి.

సాధనకు వాహనాలు లేని చదునైన చోటు కావాలి. 60 సెంటీమీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు ఉండేలా సుద్దతో రెండు గీతలు గీసి ఆ మధ్యలో ఎంత మెల్లగా వెళ్లగలిగితే అంత మెల్లగా వెళ్లండి. మొదట 10 సెకన్లు, తర్వాత 15. పదిహేను సెకన్లంటే గంటకు 3.6 కిలోమీటర్లు, నడక కన్నా తక్కువ. అది వచ్చాక 8 మీటర్ల వెడల్పులో యూ టర్న్, ఆ తర్వాత 6 మీటర్లలో. రెండువైపులా తిరగాలి, రానివైపు ఎక్కువసార్లు.

మధ్యలో బండి పడిపోతుందని తేలిపోతే పట్టుకోవద్దు, వదిలేసి పక్కకు జరగండి. లివర్ వంగితే మార్చుకోవచ్చు, నడుము పట్టేస్తే మారదు. ఎత్తేముందు ఇంజిన్ ఆపాలి. కుడివైపు పడి ఉంటే సైడ్ స్టాండ్ ముందే దించి ఉంచాలి, లేకపోతే ఎత్తిన ఊపుకు అవతలి వైపు పడుతుంది.