కథలో సంఘర్షణను గుర్తించడం, ఎంచుకోవడం

కొత్తగా కథలు రాసేవారి చిత్తుప్రతుల్లో కష్టాలకు కొదవ ఉండదు. అప్పులు, జబ్బులు, చావులు వరుసగా వచ్చిపడుతూనే ఉంటాయి, అయినా మూడో పేజీ దగ్గర పాఠకుడికి ఆవలింత వస్తుంది. కష్టాన్నే సంఘర్షణ అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. పాత్ర ఒకదాన్ని గట్టిగా కోరుకోవాలి, ఆ కోరికకు మరొకటి అంతే గట్టిగా అడ్డుపడాలి, అప్పుడు పాత్ర చేతులు ముడుచుకు కూర్చోకుండా ఏదో ఒకటి చేయాలి. ఈ మూడూ కలిసిన చోటే సంఘర్షణ పుడుతుంది. అడ్డు ఎక్కడి నుంచి వస్తోందన్నదాన్ని బట్టి దానికి రకాలు ఏర్పడ్డాయి: మరో మనిషి, సమాజం, ప్రకృతి, విధి, యంత్రం, తన మనసు.

ఈ రకాలను విడివిడిగా బట్టీ పట్టడం కంటే ఒకే సంగతిని తిప్పి తిప్పి చూడటం మేలు. అనంతపురం జిల్లాలో పదేళ్ల చీనీ (బత్తాయి) తోట ఉన్న ఒక రైతును ఊహించండి. నడి ఎండాకాలంలో పాత బోరు ఎండిపోయింది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింట్ చూసినవాడి మాట నమ్మి 600 అడుగులు వేయిస్తే తెల్లటి పొడి దుమ్ము లేచింది. ఇంతవరకు ఇది వార్త మాత్రమే. ట్యాంకరు నీళ్లు అన్ని చెట్లకూ చాలక, ఏ వరుసను ఎండబెట్టాలో అతడు రోజూ తేల్చుకోవలసి వస్తే అది ప్రకృతితో సంఘర్షణ అవుతుంది. పక్క పొలంలో సొంత అన్న ఇంకా లోతుగా బోరు వేయించాడని తెలిసి, గట్టు దాటి వెళ్లి నీళ్లు అడిగితే మనిషితో సంఘర్షణ. తండ్రి పోయి ఏళ్లు గడిచినా పట్టా తన పేరుకు మారక, అప్పు పుట్టక, కార్యాలయాల చుట్టూ తిరుగుతుంటే సమాజంతో, దాని వ్యవస్థతో. మరో బోరు వేయించమని భార్య తన పుస్తెలతాడు తీసి చేతిలో పెట్టినప్పుడు, దాన్ని తీసుకోనూలేక తిరిగి ఇవ్వనూలేక అతడు తెల్లవార్లూ అరుగు మీద కూర్చుంటే అది అంతస్సంఘర్షణ. ఎండిన బోరు అన్నిటిలోనూ అదే, కథ మాత్రం ప్రతిసారీ వేరు.

మంచి కథల్లో ఇవి ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. 1952లో ప్రపంచ కథానికల పోటీలో రెండో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'లో తుఫాను ప్రకృతి శక్తే. అయితే అది కూల్చేది కథానాయకుడు రావుగారి నియమబద్ధమైన జీవిత దృక్పథాన్ని. రైల్లో తాను చీదరించుకున్న ముష్టి మనిషి దగ్గరే ఆ రాత్రి ఆయనకు ధైర్యం దొరుకుతుంది. దీన్ని ప్రకృతితో సంఘర్షణ అని రాసి ఊరుకున్న విద్యార్థి సగమే చదివినట్టు. గురజాడ 'దిద్దుబాటు' (1910) మరీ విచిత్రం. భోగం మేళం చూసి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకు ఎదురుపడేది భార్య కాదు, 'అయ్యా' అన్న సంబోధనతో మొదలయ్యే ఆమె ఉత్తరం. పోట్లాడటానికి ఎదుట మనిషి లేకపోవడంతో అతడి కోపం నౌకరు మీదికి, ఆ పైన తన మీదికే తిరుగుతుంది.

విధితో సంఘర్షణలో కర్ణుడిని చూస్తే చాలు. పుట్టుక, శాపాలు అతడి చేతిలో లేవు, కానీ కృష్ణుడు జన్మరహస్యం చెప్పి పిలిచినా దుర్యోధనుడిని వదలకపోవడం అతడి నిర్ణయమే; ఆ నిర్ణయం లేకపోతే విధి కథ ఉత్త దురదృష్టంగా మిగులుతుంది. ఇక యంత్రంతో సంఘర్షణను వేరే రకంగా లెక్కపెట్టడం నాకు అంతగా నచ్చదు. యంత్రం వెనుక దాన్ని నడిపే మనుషులో, వారి లాభమో దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

చదివేటప్పుడు రకం తేల్చాలంటే ముగింపు నుంచి వెనక్కి రండి: చివరికి ఏది తేలింది, ఎవరు మారారు అని అడిగితే అసలు సంఘర్షణ బయటపడుతుంది. రాసేటప్పుడు మాత్రం కథ మొదలుపెట్టక ముందే ఒక వాక్యం రాసుకోవాలి. 'తోట దక్కించుకోవాలనుకున్న తమ్ముడికి, నీళ్లు ఇవ్వనన్న అన్న అడ్డు. తోట పోతే ఊళ్లో ఉండటానికి కారణమే పోతుంది' అన్నట్టు కోరిక, అడ్డు, పోగొట్టుకునేది మూడూ అందులోకి రావాలి. తర్వాత ఆ అడ్డును తీసేసి చూడండి. అన్న లేకపోయినా కథ అలాగే నడిస్తే, అతడు అలంకారానికి వచ్చినవాడే.

చాలామంది తప్పేది ఎదుటి పక్షం దగ్గర. అన్నను దుర్మార్గుడిగా రాస్తే పని సులువు, కథ పలచన. అతడికీ అప్పుంది, అతడి బోరులోనూ నీళ్లు రోజుకు రెండు గంటలకు మించి రావడం లేదు, తమ్ముడికి పంచితే రెండు తోటలూ ఎండుతాయి. ఈ మాటలను అన్న నోటితోనే అర పేజీ రాయండి. అది కథలోకి రానవసరం లేదు. అది రాశాక గట్టు మీద అన్నదమ్ములు ఎదురుపడే ఘట్టాన్ని మళ్లీ మొదటి నుంచి రాయండి.