ప్లగ్ కొత్తదే అయినా బండి మిస్సవుతోందా? ముందు క్యాప్ విప్పి చూడండి

"అన్నా, స్పార్క్ ప్లగ్ మార్చి నెల కాలేదు, మళ్లీ ఇంజను తడబడుతోంది, మిస్సింగ్" అని ఎవరు ఫోన్ చేసినా నేను అడిగేది ఒకటే, ప్లగ్ నెత్తిన వైరును పట్టి ఉంచే రబ్బరు క్యాప్ విప్పి లోపల చూశావా అని. చూశానన్నవాడు ఇంతవరకూ తగల్లేదు. పానా పెట్టి ప్లగ్ విప్పడం, బిగించడం అందరికీ వచ్చు కాబట్టి అది చెప్పను. ఒక్క ముక్క మాత్రం: ఇంజను చల్లారాక విప్పండి, కొత్తదాన్ని ముందు చేత్తోనే మరలోకి ఎక్కించండి. హెడ్ అల్యూమినియం, పానాతో మొదలుపెట్టి వంకరగా ఎక్కిస్తే మర పోతుంది, అప్పుడిక మా విజయవాడ ఆటోనగర్ దాకా బండి నెట్టుకుంటూ పోవడమే.

అసలు స్టార్టే కాకపోతే

హ్యాండిల్ మీద ఇంజను ఆపే కిల్ స్విచ్ చూడండి. నవ్వకండి, అపార్ట్‌మెంట్ సెల్లారులో పిల్లలు నొక్కేసిన స్విచ్ కోసం నన్ను పటమట నుంచి భవానీపురం దాకా రప్పించినవాళ్లు ఉన్నారు. అది సరిగ్గా ఉంటే ప్లగ్ తీసి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు, ప్లగ్ తప్పేమీ లేదు. తడిసి పెట్రోలు వాసన కొడుతుంటే తుడిచి ఆరబెట్టి, చోక్ లేకుండా మళ్లీ ప్రయత్నించండి.

నిప్పురవ్వ వస్తుందో లేదో చూడాలంటే ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి దాని ఇనుప భాగాన్ని ఇంజనుకు గట్టిగా ఆనించాలి, పెట్రోలు ఆవిరి వచ్చే ప్లగ్ రంధ్రానికి దూరంగా. గాల్లో వదిలేసి సెల్ఫ్ కొడితే ప్లగ్‌కు హై వోల్టేజీ ఇచ్చే కాయిల్‌కు దెబ్బ, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో ఇంజనును నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూకి కూడా.

తీసిన ప్లగ్ నల్లగానో తెల్లగానో ఉంటే

లేత గోధుమ రంగు ఉంటే ఇంజను సుఖంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి దులపండి, మన రోడ్ల దుమ్ముకి అది ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. జిడ్డుగా ఆయిల్ ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో పోయాయి, కొత్త ప్లగ్ వేస్తే కొన్నాళ్లు ఊరటే తప్ప మందు కాదు. తెల్లగా మాడి ఉంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలట్లేదు, లేదంటే బండికి సరిపడని నంబరు ప్లగ్ వేశారు. పల్సర్ 150 లాంటి బండికి రెండు ప్లగ్‌లు ఉంటాయని, ఎన్‌ఎస్ 200కి మూడని మర్చిపోయి ఒకటే మార్చి ఊరుకునేవాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియదు.

కొత్త ప్లగ్‌తో కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలైతే

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే. ఐడిల్‌లో బండి బంగారం, బెంజ్ సర్కిల్ దాటి యాక్సిలరేటర్ తిప్పితే చాలు సైలెన్సర్ పటపటమని దగ్గుతుంది. ప్లగ్ మారిస్తే తగ్గిపోతుంది, కొన్ని వారాలకు మళ్లీ అదే గోల. అలా మూడు ప్లగ్‌లు మార్చాను, కార్బురేటర్ కడిగించాను, చివరికి వాన పడుతుండగా ఇంటావిడను వెనక కూర్చోబెట్టుకుని గుంటూరు బయల్దేరితే కనకదుర్గ వారధి మధ్యలో ఆగిపోయింది. మర్నాడు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, ఏమీ విప్పకుండా, క్యాప్‌ను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. వైరు నుంచి ఊడి చేతికొచ్చింది. వైరు కొసన రాగి తీగలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

క్యాప్ లోపల ఒక చిన్న స్క్రూ ఉంటుంది, అది వైరులోని రాగి తీగల్లోకి దిగి పట్టుకోవాలి. ఆ పట్టు వదిలినా, చిలుము పట్టినా కరెంటు అక్కడే ఒకసారి దూకాలి, ఆ తర్వాత ప్లగ్ గ్యాప్‌లో ఇంకోసారి. ఐడిల్‌లో ఎలాగో నెట్టుకొస్తుంది. యాక్సిలరేటర్ తిప్పితే సిలిండర్లో ఒత్తిడి పెరిగి నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి, అప్పుడు చాలదు. కొత్త ప్లగ్‌కి అంచులు పదునుగా, గ్యాప్ సరిగ్గా ఉంటాయి కాబట్టి తక్కువ వోల్టేజీకే పనిచేస్తుంది, క్యాప్ తప్పును కప్పిపెడుతుంది. అంచులు కాస్త అరగగానే తప్పు బయటపడుతుంది, నింద ప్లగ్ మీద పడుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి మునిగిన బండ్లలో ఇది తెగ చూశాను. ఆయిల్ మార్చారు, ఫిల్టర్ మార్చారు, ప్లగ్ మార్చారు, క్యాప్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు మొదలైనా ఇదే అనుమానించండి. రాత్రి చీకట్లో ఇంజను ఆన్ చేసి క్యాప్ చుట్టూ కాస్త నీళ్లు తుంపరగా కొట్టండి, నీలంగా మెరుపులు కనిపించినా టిక్ టిక్ అని వినిపించినా దొంగ దొరికినట్టే. చెయ్యి మాత్రం పెట్టకండి, షాక్ మామూలుగా ఉండదు.

ఇంజను ఆపి, క్యాప్‌ను ఎడమకు తిప్పి వైరు నుంచి విప్పండి. చిలుము పట్టిన కొసను పావు అంగుళం కోసేసి, తళతళలాడే రాగి కనిపించాక క్యాప్‌ను కుడికి తిప్పుతూ బిగించండి, లాగి చూస్తే రాకూడదు. అలా బిగించే ముందే మల్టీమీటర్‌తో క్యాప్ లోపలి స్క్రూకీ ప్లగ్ కూర్చునే క్లిప్పుకీ మధ్య కొలవండి. చాలా క్యాపుల్లో 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, దానికి దగ్గర్లో చూపిస్తే మంచిదే. ఏమీ చూపకపోయినా, ఊపితే అంకె ఎగిరిపడినా, రబ్బరు చీలినా పారేయండి. కొన్ని బండ్లకు క్యాప్, వైరు కలిపే అచ్చుపోసి ఉంటాయి, అప్పుడు మొత్తం సెట్ మార్చాల్సిందే.

క్యాప్ పెట్టే ముందు ప్లగ్ నెత్తిన ఉండే చిన్న నట్టు కూడా చూడండి. కొన్ని క్యాపులకు ఆ నట్టు కావాలి, కొన్నిటికి తీసేసి మర మీదే పెట్టాలి. పాత ప్లగ్‌కి ఎలా ఉందో అలాగే. నట్టు ఉండాల్సిన బండికి అది వదులుగా ఉన్నా మిస్సింగే, పట్టకారుతో బిగించండి. తర్వాత క్యాప్ టక్కుమనేదాకా నొక్కండి.

ఇంకా కాయిల్, పికప్ కాయిల్ (ఇంజను ఎక్కడ తిరుగుతోందో చెప్పేది), సీడీఐ (నిప్పురవ్వను సమయానికి రప్పించే పెట్టె), వాల్వ్ గ్యాప్ అంటారు. ఉంటాయి, కాదనను, కానీ అరుదు. సీడీఐ పోయిందని ఎవరైనా చెబితే డబ్బులు తీసే ముందు క్యాప్ ఎన్ని ఓమ్‌లు చూపించిందో అడగండి.