రైల్వే పనుల రోజుల్లో ప్రయాణం: ప్రకటన చదవడం మొదలు రీఫండ్ దాకా

తెలుగు రాష్ట్రాల్లో ఏ వారం చూసినా ఎక్కడో ఒకచోట పట్టాల పని జరుగుతూనే ఉంటుంది. కొన్నేళ్లుగా కాజీపేట–విజయవాడ, విజయవాడ–గూడూరు మార్గాల్లో మూడో లైను పనులు, గుంటూరు–గుంతకల్ మధ్య రెండో లైను పనులు, సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం ఒకదాని వెంట ఒకటి సాగుతూ వచ్చాయి. వీటికి తోడు పాత పట్టాల మార్పిడి, కంకర శుభ్రపరచడం, వంతెనల మరమ్మతు వంటి నిర్వహణ పనులు ఎప్పుడూ ఉండేవే. ఈ పనులు జరగాల్సిందే. జరుగుతున్నన్ని రోజులు ప్రయాణికులకు కొంత ఇబ్బంది తప్పదు. కానీ ఆ ఇబ్బందిలో ఎక్కువ భాగం రైలు రద్దు కావడం వల్ల రాదు, ఏం మారిందో సరిగా తెలియకపోవడం వల్ల వస్తుంది. రద్దయిన రైలు సంగతి ఎలాగో ఒకలా చెవిన పడుతుంది. రద్దు కాకుండా, మన ఊరి స్టేషన్‌ను వదిలేసి వేరే దారిలో వెళ్లిపోయే రైలు సంగతి మాత్రం చాలామందికి సామానుతో ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాక గాని తెలియదు. అందుకే ప్రకటనను ఎలా చదవాలో తెలుసుకోవడానికి ఎక్కువ సమయం పెట్టడం మంచిది.

ఏ పనికి ఎంత ఆలస్యం

పత్రికల్లో తరచుగా కనిపించే మాట నాన్ ఇంటర్‌లాకింగ్ పనులు. స్టేషన్లో రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లు సరైన వైపు తిరిగి బిగుసుకున్న తర్వాతే సిగ్నల్ పడేలా, ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు దారులకు ఒకేసారి సిగ్నల్ ఇవ్వడం వీలుపడకుండా చేసే ఏర్పాటును ఇంటర్‌లాకింగ్ అంటారు. కొత్త లైనునో, రైళ్లను పక్కకు తీసి ఆపే లూప్ లైనునో స్టేషన్‌కు కలపాలంటే పాత ఏర్పాటును విప్పి, కొత్తదాన్ని అమర్చి, ప్రతి దారినీ పరీక్షించాలి. ఆ రోజుల్లో స్టేషన్ మాస్టర్ గదిలో మీట నొక్కితే పాయింటు తిరగదు. సిబ్బంది ఎండైనా వానైనా పట్టాల వెంబడి నడిచి వెళ్లి, పాయింటును చేత్తో తిప్పి, క్లాంపు బిగించి, తాళం వేసి, దారి సిద్ధమైందని స్టేషన్ మాస్టర్‌కు తెలియజేసిన తర్వాతే రైలును లోపలికి తీసుకుంటారు. ఆ పాయింట్ల మీద రైలు గంటకు 15 కిలోమీటర్ల వేగం దాటకూడదు. సిగ్నల్ దీపాలకు బదులు చేతి జెండాలతో ఒక్కో రైలును దాటిస్తున్నప్పుడు మామూలు రోజుల్లో వెళ్లేన్ని రైళ్లు ఆ స్టేషన్ మీదుగా వెళ్లలేవు. కాబట్టి కొన్నింటిని రద్దు చేస్తారు, కొన్నింటిని దారి మళ్లిస్తారు. ఒక పెద్ద జంక్షన్లో ఈ పని పెట్టుకున్నారంటే ఆ మార్గంలో కొన్ని రోజుల పాటు రాకపోకలు తారుమారవుతాయని ముందే అనుకోవాలి.

నాన్ ఇంటర్‌లాకింగ్ ఫలానా తేదీతో ముగుస్తుందని ప్రకటించినంత మాత్రాన ఆ మర్నాటి నుంచే రైళ్లన్నీ సమయానికి నడుస్తాయని అనుకోకూడదు. కొత్త లైను మీద ప్రయాణికుల రైళ్లు నడపాలంటే రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ చేసి అనుమతి ఇవ్వాలి. ఈ కమిషనర్ రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు; రైళ్లు నడిపేవారు, భద్రతను తనిఖీ చేసేవారు ఒకే శాఖలో ఉండకపోవడం మంచి ఏర్పాటు. అనుమతి వచ్చాక కూడా కొత్తగా వేసిన కంకర గట్టిపడే దాకా ఆ చోట వేగ పరిమితి ఉంటుంది. యంత్రంతో కంకరను కుదించిన కొద్దీ దశలవారీగా వేగం పెంచుతారు. అందువల్ల పనులు ముగిశాయన్న తేదీకి రెండు మూడు రోజుల తర్వాత ముఖ్యమైన ప్రయాణం పెట్టుకున్నా ఆలస్యానికి సిద్ధపడి ఉండటం మేలు.

ట్రాఫిక్ బ్లాక్ అనేది ఇంకో రకం. ఇందులో లైనును కొన్ని గంటలు మాత్రమే మూసి, పట్టాలు మార్చడమో వంతెన దూలాలు అమర్చడమో చేస్తారు. దీని దెబ్బ ఎక్కువగా ఆ పూట దగ్గరి ఊళ్ల మధ్య నడిచే మెము, ప్యాసింజర్ రైళ్ల మీద పడుతుంది. దూరప్రాంత రైళ్లను మధ్యలో ఏదో ఒక స్టేషన్లో ఆపి ఉంచుతారు.

ప్రకటనలో చూడాల్సినవి

పత్రికా ప్రకటనలో రైలు పేరు కనిపించగానే చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. పేరు తర్వాత వచ్చే మాటే అసలు విషయం చెబుతుంది. పూర్తిగా రద్దు అంటే ఆ రోజు ఆ రైలు లేదు. పాక్షికంగా రద్దు అంటే చివరి స్టేషన్ దాకా వెళ్లకుండా ముందే ఆగిపోతుంది, లేదా మొదటి స్టేషన్ నుంచి కాకుండా మధ్యలో ఒక చోటి నుంచి బయలుదేరుతుంది. రద్దయిన భాగం ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా అన్నది అందులోనే రాసి ఉంటుంది. మీరు ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ రెండూ ఆ భాగానికి బయట ఉంటే మీ ప్రయాణానికి అడ్డంకి లేదు. రీషెడ్యూల్ అంటే బయలుదేరే సమయమే మారుతుంది. రెగ్యులేట్ చేస్తారని ఉంటే రైలు సమయానికే బయలుదేరినా ప్రకటనలో చెప్పినంతసేపు దారిలో ఆగుతుందని అర్థం.

తేదీ దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. ప్రకటనలో ఇచ్చే తేదీ, వేరుగా చెబితే తప్ప, రైలు తన మొదటి స్టేషన్లో బయలుదేరే తేదీ. మీ టికెట్ మీద ఉండేది మీరు ఎక్కే తేదీ. సాయంత్రం విశాఖపట్నంలో బయలుదేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ వరంగల్ చేరేసరికి తారీఖు మారిపోతుంది. వరంగల్లో 11వ తేదీ తెల్లవారుజామున ఎక్కవలసిన వ్యక్తి ప్రకటనలో 10వ తేదీ రైలు రద్దు అని చదివి, తనది 11 కదా అని నిశ్చింతగా ఉంటే స్టేషన్‌కు వెళ్లి వెనక్కి రావాల్సి వస్తుంది. రాత్రి రైళ్లకు, రెండు రోజుల దూరం నుంచి వచ్చే రైళ్లకు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి.

జంట రైలునూ చూసుకోండి. ఒక దిక్కుకు వెళ్లిన రైలు పెట్టెలే తిరుగు ప్రయాణంలో ఎదురు దిక్కు రైలుగా వస్తాయి. ఈ రోజు వెళ్లే రైలు రద్దయితే రేపు తిరిగి రావలసిన రైలుకు పెట్టెలు ఉండవు. అందుకే వెళ్లే రైలు రద్దయ్యే రోజుల పట్టిక, దాని జంట రైలు రద్దయ్యే రోజుల పట్టిక తరచుగా ఒక రోజు తేడాతో ఉంటాయి. వెళ్లడానికీ రావడానికీ టికెట్లు తీసుకున్నవారు రెండు నంబర్లనూ వేర్వేరుగా చూసుకోవాలి.

దారి మళ్లింపు: అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది

విజయవాడ–విశాఖపట్నం మార్గాన్నే తీసుకుందాం. ఏలూరు వైపు పని ఉన్నప్పుడు దూరప్రాంత రైళ్లను విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం టౌన్, నిడదవోలు మీదుగా పంపడం పరిపాటి. ఆ రైలు విజయవాడలో ఆగుతుంది, రాజమహేంద్రవరంలోనూ ఆగుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం మాత్రం దాని దారిలోనే ఉండవు. ఫోన్లో చూస్తే రైలు రద్దు కాలేదు, సమయానికే నడుస్తోంది అని కనిపిస్తుంది. ఏలూరులో నిలబడ్డ ప్రయాణికుడికి మాత్రం ఆ రైలు రాదు. అలాగే కాజీపేట–విజయవాడ మార్గంలో పని ఉంటే కొన్ని రైళ్లను పగిడిపల్లి, నల్గొండ, గుంటూరు మీదుగా పంపుతారు. అప్పుడు వరంగల్, ఖమ్మం తప్పిపోతాయి. హావ్‌డా–చెన్నై రైళ్లను విశాఖపట్నం లోపలికి తీసుకురాకుండా దువ్వాడ మీదుగా నేరుగా పంపిన సందర్భాల్లో విశాఖవాసులు దువ్వాడకు వెళ్లి ఎక్కాల్సి ఉంటుంది.

మళ్లింపు అన్న మాట చదవగానే వెంటనే వెతకాల్సింది ఏ స్టేషన్లలో హాల్టు ఎత్తేశారన్న వాక్యం. అది ప్రకటన చివర చిన్నగా ఉంటుంది, వార్తగా వచ్చేటప్పుడు కొన్నిసార్లు రాలిపోతుంది కూడా. హాల్టు ఎత్తేసినది మీ స్టేషనే అయితే, చార్టు తయారు కాకముందే ఐఆర్‌సీటీసీలో బోర్డింగ్ స్టేషన్‌ను రైలు ఆగే చోటికి మార్చుకోవచ్చు. మార్చుకున్నాక పాత స్టేషన్లో ఎక్కే హక్కు పోతుంది కాబట్టి, కొత్త స్టేషన్‌కు సమయానికి చేరగలమా లేదా అని చూసుకుని మరీ మార్చాలి. మార్చకుండా తర్వాతి స్టేషన్లో ఎక్కేద్దామనుకుంటే మీ బెర్తును టీటీఈ వేరొకరికి ఇచ్చే ప్రమాదం ఉంది.

టెర్మినల్ మారినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. సికింద్రాబాద్ పునర్నిర్మాణం కారణంగా కొన్ని రైళ్లను 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌కు తరలించారు. అక్కడ మెట్రో స్టేషన్ లేదు. తెల్లవారుజామున దిగేవారు సిటీ బస్సు మొదలయ్యే వేళ కనుక్కోవడమో ఇంటివారిని రమ్మనడమో ముందే చూసుకోవాలి. అక్కడి నుంచి బయలుదేరేవారు నగరం పడమటి వైపు నుంచి వస్తుంటే, సికింద్రాబాద్‌కు పట్టే సమయానికి మరో గంట కలుపుకోవడం మంచిది.

ఎక్కడ సరిచూసుకోవాలి

రైల్వే విచారణ నంబరు 139కు ఫోన్ చేయడం, రైళ్ల రాకపోకల సమాచారం ఇచ్చే రైల్వేవారి ఎన్‌టీఈఎస్ వెబ్‌సైటు లేదా యాప్ చూడటం నమ్మదగిన దారులు. ఎన్‌టీఈఎస్‌లో రద్దయిన, దారి మళ్లిన, సమయం మారిన రైళ్ల జాబితాలు తేదీల వారీగా విడిగా ఉంటాయి. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, ముందు రోజు ఒకసారి, ఇంటి నుంచి బయలుదేరే ముందు ఒకసారి చూడాలి. వాట్సాప్‌లో తిరిగే పట్టికలను నమ్మవద్దు. వాటిలో చాలావరకు పాత ఏడాదివే తేదీ లేకుండా మళ్లీ తిరుగుతుంటాయి. రైలు రద్దయితే రైల్వే ఎస్ఎంఎస్ పంపుతుంది గాని, అది బుకింగ్ సమయంలో ఇచ్చిన నంబరుకే వెళ్తుంది. ఏజెంటు తన నంబరు ఇచ్చి ఉంటే సందేశం ఆయనకే చేరుతుంది. టికెట్ తీసేటప్పుడే మీ నంబరు, ఇంట్లో పెద్దవాళ్ల ప్రయాణమైతే సందేశం చదవగలిగిన వారి నంబరు ఇవ్వడం అవసరం.

2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ గడువు 60 రోజులు. పనుల ప్రకటనలు మాత్రం చాలాసార్లు కొద్ది రోజుల ముందే వస్తాయి. కాబట్టి పరీక్షకో, ఆసుపత్రికో, విమానం అందుకోవడానికో వెళ్లేవారు చివరి రైలును నమ్ముకోకుండా ఒక రైలు ముందుదానికి టికెట్ తీసుకోవాలి. రెండు రైళ్లు మారి వెళ్లేవారు రెండు పీఎన్ఆర్‌లనూ లింక్ చేసుకోవాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ సౌకర్యం ప్రకారం, మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది తప్పిపోతే ప్రయాణించని భాగం చార్జీని రద్దు రుసుము లేకుండా తిరిగి పొందవచ్చు. రెండు టికెట్లలో ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. ఈ సౌకర్యం గురించి తెలియక నష్టపోతున్నవారు ఇంకా చాలామంది ఉండటం బాధ కలిగిస్తుంది.

రిజర్వేషన్ లేని టికెట్ తీసుకునేవారికి సమస్య వేరు. ఆ టికెట్ ఒక నిర్ణీత రైలుకు కట్టుబడి ఉండదు. అయితే మెము రద్దయిందని ఆర్డినరీ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే జరిమానా పడుతుంది. ఎక్కకముందే కౌంటర్లో అడిగి ఎక్స్‌ప్రెస్ టికెట్ తీసుకోవాలి.

డబ్బు తిరిగి పొందడం

రైలు మొత్తం రద్దయితే ఈ-టికెట్ డబ్బు పూర్తిగా, దానంతటదే ఖాతాలో పడుతుంది. టీడీఆర్ (డబ్బు తిరిగి కోరుతూ నమోదు చేసే అర్జీ) పెట్టనక్కర్లేదు. ఇక్కడ తొందరపాటు వద్దు. పత్రికలో వార్త వచ్చిన వెంటనే, రైల్వే కంప్యూటర్లో ఆ రైలు రద్దయినట్లు ఇంకా నమోదు కాకముందే మీరే టికెట్ రద్దు చేసుకుంటే మామూలు రద్దు రుసుము కోసేస్తారు. ఎన్‌టీఈఎస్‌లో రద్దు అని కనిపించే దాకా ఆగాలి. కౌంటర్ టికెట్‌కు మాత్రం డబ్బు దానంతటదే రాదు. రైలు బయలుదేరవలసిన సమయం నుంచి 72 గంటలలోపు రిజర్వేషన్ కౌంటర్లో టికెట్ ఇచ్చి తీసుకోవాలి.

రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే పూర్తి చార్జీ తిరిగి వస్తుంది. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్‌కూ ఇది వర్తిస్తుంది. అయితే ఆ రైలు మీ స్టేషన్ నుంచి కదలకముందే ఈ-టికెట్‌కు టీడీఆర్ నమోదు చేయాలి, కౌంటర్ టికెట్‌ను తిరిగి ఇవ్వాలి. రైలు వెళ్లిపోయాక ఎంత వాదించినా ఫలితం ఉండదు.

దారి మళ్లిన రైలు మీ స్టేషన్‌కు రాకపోయినా, మీరు దిగాల్సిన ఊరికి వెళ్లకపోయినా, ఆ దారిలో వెళ్లడం మీకు ఇష్టం లేకపోయినా పూర్తి రీఫండ్ అడగవచ్చు. దీనికి టీడీఆర్ పెట్టాల్సిందే, దానంతటదే రాదు. టీడీఆర్‌లో కారణాల జాబితా ఉంటుంది. రైలు దారి మళ్లింది, ఎక్కే స్టేషన్‌ను తాకలేదు, దిగే స్టేషన్‌ను తాకలేదు, గమ్యం చేరకముందే ఆగిపోయింది అన్నవి వేర్వేరు కారణాలు. మీకు జరిగినదానికి సరిపోయేదాన్నే ఎంచుకోవాలి, ఎందుకంటే రైల్వే తన రికార్డుతో ఆ కారణాన్నే సరిపోల్చి చూస్తుంది. వీలైనంతవరకు అదే రోజు పెట్టేయండి. ఎన్‌టీఈఎస్‌లో ఆ రోజు కనిపించిన స్థితిని ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే, తర్వాత టీడీఆర్ తిరస్కరణకు గురైనప్పుడు ఫిర్యాదుతో జతచేయడానికి పనికొస్తుంది. ఆ ఫిర్యాదును ఐఆర్‌సీటీసీకి మెయిల్‌లో పంపవచ్చు. పీఎన్ఆర్, ప్రయాణ తేదీ, టీడీఆర్ నమోదు చేసిన తేదీ మూడూ అందులో ఉండాలి.