మూసీ నీళ్లు చెడితే: గుర్తు పట్టడం, మూలం కనుక్కోవడం, సరిచేయడం

అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీకి అసలు జబ్బు హైదరాబాద్‌లోనే పట్టుకుంటుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు దాటాక నదిలోకి వచ్చే మంచినీళ్లు తక్కువ, నాలాల (మురుగు కాలువల) నీళ్లు ఎక్కువ.

కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) దగ్గర నురగ గుట్టలు: చాలావరకు ఇళ్ల నుంచి వచ్చే సబ్బు, డిటర్జెంట్లే. కుళ్లిన ఆకుల వల్ల కూడా నురగ వస్తుంది. అది మట్టి వాసనతో, కాస్త గోధుమ రంగులో ఉంటుంది. తెల్లగా ఉండి సబ్బు వాసన వేస్తే మురుగే. నురగ మీద నీళ్లు చల్లడం ఫొటోలకే పనికొస్తుంది. నాలాను నదిలో కలవకముందే శుద్ధి కేంద్రానికి మళ్లించాలి.

నల్లనీళ్లు, కుళ్లిన గుడ్డు కంపు: నీటిలో ఆక్సిజన్ అయిపోయిందని అర్థం. అప్పుడు బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, అది ఇనుముతో కలిసి బురద నల్లబడుతుంది. అడుగున రాయి తిప్పితే ఆ నలుపు తెలిసిపోతుంది.

తొలివాన మర్నాడు చేపలు తేలడం: విషం కలిపారని ఊరంతా అనుకుంటారు. కావచ్చు కూడా. కానీ నాలాల్లో ఎండాకాలమంతా పేరుకున్న బురద ఒక్కసారిగా కొట్టుకొచ్చి ఆక్సిజన్‌ను లాగేసినా ఇదే జరుగుతుంది. వానకు ముందే నాలా పూడిక తీసి, ఆ మట్టిని గట్టున వదలకుండా ఎత్తేయాలి.

వరి ఏపుగా పెరిగి పడిపోవడం, తాలు ఎక్కువవడం: పొలానికి పారే మూసీ మురుగులోని నత్రజనిని లెక్కలో పెట్టుకోక, పక్క ఊరి రైతు వేశాడని మనమూ యూరియా బస్తా విప్పుతాం. ముందు భూసార పరీక్ష, ఆ తర్వాతే ఎరువు. పొలం ఆరాక పైన తెల్లటి పొర కడితే ఉప్పు పేరుకుంటున్నట్టే. ఈ నీళ్లతో కొత్తిమీర, పాలకూర వేయకపోవడం మేలు. మడిలో దిగితే గమ్‌బూట్లు తప్పనిసరి, కాళ్ల దురద ఊరికే రాదు.

రాత్రిపూట రంగు నీళ్లు, ఘాటు వాసన: ఫ్యాక్టరీ వ్యర్థాలని అనుమానించాలి. గంటలో నీళ్లు సాగిపోతాయి, సాక్ష్యమూ పోతుంది. నీళ్లు ముట్టుకోకుండా టైము, చోటు కనిపించేలా ఫొటో తీసి, వెంటనే కాలుష్య నియంత్రణ మండలికి ఫోన్ చేయండి. నదిలో విషపదార్థాలు వదలడాన్ని 1974 నీటి చట్టం నిషేధిస్తుంది. శాంపిల్ వాళ్లనే తీయమనండి, సీసాలో గాలి బుడగ మిగలకుండా నింపి ఐసులో పెడుతున్నారో లేదో చూడండి. బీఓడీ (నీటిలోని మురుగు ఎంత ఆక్సిజన్‌ను లాగేస్తుందో చెప్పే పరీక్ష) ఫలితానికి మూడు రోజులు పడుతుంది.

ఒడ్డు బోరు నీళ్లు: కాచి తాగుతున్నాం కదా అని ధీమా వద్దు. కాస్తే క్రిములు చస్తాయి. నైట్రేట్, భారలోహాలు అలాగే ఉంటాయి, నీళ్లు మరిగి తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడతాయి.